లాగ్‌లో ‘సెంట్’ అని ఉంది, ఇన్‌బాక్స్‌లో మెయిల్ లేదు

సొంత మెయిల్ సర్వర్ నడిపేవాళ్లందరికీ తెలిసిన ఫిర్యాదు ఇది. "నిన్న క్లయింట్ పంపిన మెయిల్ నాకు రాలేదు" అని ఆఫీసులో ఎవరో ఒకరు వచ్చి చెబుతారు. పంపినవాళ్లకు బౌన్స్, అంటే మెయిల్ చేరలేదన్న తిరుగు సందేశం, వెళ్లలేదు. సర్వర్‌లో లాగ్ తీసి చూస్తే మెయిల్ వచ్చినట్టే ఉంది, చివర్లో ‘స్టేటస్=సెంట్’ అని కూడా ఉంది. మెయిల్ చదివే థండర్‌బర్డ్ ప్రోగ్రామ్‌లో వెతికితే మాత్రం దాని జాడే లేదు. ఇక టెన్షన్ మొదలవుతుంది. కాన్ఫిగరేషన్ ఫైలు తెరవడం, నెట్‌లో దొరికిన నాలుగు లైన్లు అతికించడం, సర్వీసు రీస్టార్ట్ చేయడం, మళ్లీ చూడడం. గంట గడిచాక పాత సమస్య అలాగే ఉంటుంది, దానికి తోడు కొత్తది ఒకటి చేరుతుంది.

ఇలాంటి సందర్భాల్లో మెయిల్ నిజంగా గల్లంతయ్యేది చాలా అరుదు. చాలాసార్లు అది డిస్క్ మీదే ఉంటుంది. దాన్ని రాసిన ప్రోగ్రామ్ ఒక చోట పెట్టింది, చదివి చూపించాల్సిన ప్రోగ్రామ్ ఇంకో చోట వెతుకుతోంది. అందుకని సెట్టింగుల జోలికి వెళ్లేముందు ఆ మెయిల్ చివరిగా ఎవరి చేతిలో ఉందో తేల్చుకోవాలి. లినక్స్ సర్వర్లలో ఎక్కువగా కనిపించే జంట పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్. వాటినే ఉదాహరణగా తీసుకుని ఆ వెతుకులాట ఎలా సాగాలో చెబుతాను.

రాసేది ఒకటి, చదివేది ఇంకొకటి

పోస్ట్‌ఫిక్స్‌ను వీట్సే వెనెమా ఐబీఎం పరిశోధన విభాగంలో ఉండగా రాశారు, 1998లో అది బయటికి వచ్చింది. డవ్‌కాట్‌ను ఫిన్లాండ్‌కు చెందిన టిమో సిరాయినెన్ 2002లో విడుదల చేశారు. బయటి నుంచి వచ్చే మెయిల్‌ను అందుకుని మెయిల్‌బాక్స్‌లో వేయడం మొదటిదాని పని. యూజర్ లాగిన్ అయినప్పుడు ఐమ్యాప్ ద్వారా గానీ పాప్3 (మెయిల్‌ను కంప్యూటర్‌లోకి దించుకునే పద్ధతి) ద్వారా గానీ ఆ మెయిల్‌ను చూపించడం రెండోదాని పని. వేర్వేరు కాలాల్లో, వేర్వేరు మనుషులు రాసిన ప్రోగ్రాములివి. ఒకదాని కాన్ఫిగరేషన్ ఫైలును ఇంకొకటి చదవదు.

అసలు చిక్కు ఇంకా వెనకాల ఉంది. మెయిల్ పంపడానికి ఎస్ఎంటీపీ ప్రమాణం 1982లో వచ్చింది. మెయిల్‌ను సర్వర్ మీదే ఉంచి చదువుకోవడానికి మార్క్ క్రిస్పిన్ 1986లో ఐమ్యాప్‌ను రూపొందించారు. నెట్‌వర్క్ మీద రెండు యంత్రాలు ఎలా మాట్లాడుకోవాలో ఈ రెండూ వివరంగా చెబుతాయి. వచ్చిన మెయిల్‌ను డిస్క్ మీద ఏ డైరెక్టరీలో, ఏ రూపంలో దాచాలన్న మాట మాత్రం ఏ ఒక్కటీ చెప్పదు. ఆ నిర్ణయం సర్వర్ నడిపే మనిషికే వదిలేశారు. ఆ మనిషి దాన్ని రెండు ఫైళ్లలో, రెండు రకాల భాషల్లో, ఒకేలా రాయాలి. ‘మెయిల్ రాలేదు’ అనే ఫిర్యాదుల్లో పెద్ద భాగం పుట్టేది ఇక్కడే.

లాగ్‌లో ఆ ఒక్క లైను

పోస్ట్‌ఫిక్స్ ప్రతి మెయిల్‌కీ ఒక క్యూ ఐడీ, అంటే పంపిణీ వరుసలో దాని గుర్తింపు కోడ్, ఇస్తుంది. పంపినవాళ్ల అడ్రసుతో లాగ్‌లో వెతికి ఆ ఐడీ పట్టుకోండి. తర్వాత ఆ ఐడీతోనే మళ్లీ వెతికితే మెయిల్ లోపలికి వచ్చిన క్షణం నుంచి ‘రిమూవ్డ్’ అని క్యూలోంచి తీసేసిన క్షణం దాకా కథ మొత్తం కనిపిస్తుంది. అందులో ‘స్టేటస్’ ఉన్న లైనే ముఖ్యం. చాలామంది ‘సెంట్’ అన్న మాట చూసి ఆగిపోతారు. అసలు సమాచారం దాని పక్కన బ్రాకెట్లలో ఉంటుంది.

అక్కడ ‘డెలివర్డ్ టు మెయిల్‌బాక్స్’ అని ఉంటే మెయిళ్లన్నీ ఒకటిగా ఉండే పాతకాలపు ఎంబాక్స్ ఫైలులో చేరిందని అర్థం, మామూలుగా అది /వార్/మెయిల్ కింద యూజర్ పేరుతో ఉంటుంది. ‘డెలివర్డ్ టు మెయిల్‌డిర్’ అంటే యూజర్ మెయిల్‌డిర్ డైరెక్టరీలో విడి ఫైలుగా పడింది. ‘డెలివర్డ్ టు కమాండ్’ అని ఉండి పక్కన ప్రోక్‌మెయిల్ (మెయిళ్లను వడకట్టి సర్దే ప్రోగ్రామ్) పేరు కనిపిస్తే, పోస్ట్‌ఫిక్స్ తన పని అయిపోయిందనుకుని మెయిల్‌ను మూడో ప్రోగ్రామ్‌కి అప్పగించింది. ఆ పైన ఏం జరిగిందో ప్రోక్‌మెయిల్‌నే అడగాలి. ‘ఫార్వర్డెడ్ యాజ్’ అని ఉంటే ఇంకో క్యూ ఐడీ ఇస్తుంది, ఇక దాని వెంట పడాలి. ‘డెలివర్డ్ టు ఫైల్’ అని, పక్కన /డెవ్/నల్ (వేసిందల్లా మాయమయ్యే చోటు) ఉంటే మాత్రం ఆ మెయిల్ మీద ఆశ వదులుకోవాలి. ఎవరో ఎప్పుడో ఎలియాస్ (ఒక అడ్రసును ఇంకో చోటికి మళ్లించే) ఫైలులో ఆ పేరును అటు మళ్లించారు.

అదే లైనులో ‘ఒరిజ్_టు’ అనే ముక్క కనిపిస్తే ఇంకాస్త నిదానంగా చదవండి. పంపినవాళ్లు రాసిన అడ్రసు ఒకటి, ఎలియాస్ వల్ల చివరికి చేరిన అడ్రసు ఇంకొకటి అని అది చెబుతోంది. ఉద్యోగం మానేసిన మనిషి అడ్రసుకు వచ్చే మెయిళ్లు ఎవరి పెట్టెలోకి పోతున్నాయో ఎవరికీ గుర్తుండదు. ఆ సంగతి బయటపడేది ఇక్కడే.

ఒక్క స్లాష్ తేడా

ఇప్పుడు పోస్ట్‌ఫిక్స్ సెట్టింగులకు వద్దాం. ఫైలంతా చదవక్కర్లేదు. ‘పోస్ట్‌కాన్ఫ్ మైనస్ ఎన్’ అని కొడితే మనం మార్చినవి మాత్రమే చూపిస్తుంది. డవ్‌కాట్‌కు అదే పని చేసేది ‘డవ్‌కాన్ఫ్ మైనస్ ఎన్’. రెండింటి ఫలితాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివితే సగం జబ్బులు అక్కడే బయటపడతాయి.

‘హోమ్_మెయిల్‌బాక్స్’ సెట్టింగ్‌లో ‘మెయిల్‌డిర్’ అని రాసి చివర స్లాష్ పెడితే పోస్ట్‌ఫిక్స్ దాన్ని డైరెక్టరీగా తీసుకుని ఒక్కో మెయిల్‌ను ఒక్కో ఫైలుగా వేస్తుంది. స్లాష్ మరిచిపోతే అదే పేరుతో ఒక ఫైలు తెరిచి, మెయిళ్లన్నీ అందులోనే ఒకదాని కింద ఒకటి పేర్చాలని చూస్తుంది. డవ్‌కాట్ అక్కడ డైరెక్టరీ ఉంటుందనుకుంటోంది. లోపం ఒక్క అక్షరంలో ఉంటే, లాగ్ రెండు వైపులా రెండు వేర్వేరు సమస్యలున్నట్టు మాట్లాడుతుంది.

వరుస క్రమం కూడా తెలిసి ఉండాలి. సిస్టమ్ యూజర్లకు మెయిల్ వేసేటప్పుడు పోస్ట్‌ఫిక్స్ మొదట ‘మెయిల్‌బాక్స్_ట్రాన్స్‌పోర్ట్’ ఉందా అని చూస్తుంది. అది లేకపోతే ‘మెయిల్‌బాక్స్_కమాండ్’, అదీ లేకపోతే ‘హోమ్_మెయిల్‌బాక్స్’, చివరికి /వార్/మెయిల్. పైనున్నది దొరికితే కిందవాటిని పట్టించుకోదు. ‘హోమ్_మెయిల్‌బాక్స్ సరిగ్గానే రాశాను, అయినా మెయిల్ అక్కడ పడట్లేదు’ అనేవాళ్ల ఫైలులో ఇంకాస్త పైన ‘మెయిల్‌బాక్స్_కమాండ్’ ఉండి ప్రోక్‌మెయిల్‌ను పిలుస్తూ ఉంటుంది. దాన్ని ఖాళీ చేసి రీలోడ్ చేస్తే చాలు.

డవ్‌కాట్ వైపు ఇన్నాళ్లూ చూడాల్సింది ‘మెయిల్_లొకేషన్’ అనే ఒక్క సెట్టింగ్. డెబియన్ అనే లినక్స్‌లో అది మొదట్నుంచీ ఎంబాక్స్‌కు పెట్టి ఉండేది. పోస్ట్‌ఫిక్స్‌ను మెయిల్‌డిర్‌కు మార్చి దీన్ని మరిచిపోతే, మొదట్లో చెప్పిన ఫిర్యాదు వచ్చి తీరుతుంది. 2025 జనవరిలో వచ్చిన డవ్‌కాట్ 2.4లో ఈ సెట్టింగ్‌నే ‘మెయిల్_డ్రైవర్’, ‘మెయిల్_పాత్’ అని విడగొట్టారు. ఫైలులో మొట్టమొదటి సెట్టింగ్‌గా కాన్ఫిగ్ వెర్షన్ రాయకపోతే ఆ వెర్షన్ అసలు స్టార్టే అవ్వదు. డెబియన్ 13కి అప్‌గ్రేడ్ చేసినవాళ్లకు ఇదే వెర్షన్ వస్తుంది. నెట్‌లో ఉన్న గైడ్లలో ఎక్కువ భాగం పాత పేర్లతో రాసినవే కాబట్టి, ఏదైనా కాపీ చేసేముందు మీ దగ్గరున్న వెర్షన్ నంబరు చూసుకోండి.

ఇద్దరినీ ఒప్పించే బదులు, రాసే పని కూడా డవ్‌కాట్‌కే అప్పగించడం మేలని నా గట్టి అభిప్రాయం. పోస్ట్‌ఫిక్స్ మెయిల్‌ను డిస్క్ మీద పెట్టకుండా ఎల్ఎంటీపీ (మెయిల్‌ను ఒక ప్రోగ్రామ్ ఇంకోదానికి అప్పగించే పద్ధతి) సాకెట్, అంటే రెండు ప్రోగ్రాములు మాట్లాడుకునే ద్వారం, గుండా డవ్‌కాట్‌కు ఇస్తుంది. ఇక రాసేదీ చదివేదీ ఒకే ప్రోగ్రామ్, చోటు గురించిన తేడా వచ్చే వీలే లేదు. ఇండెక్స్ అప్పటికప్పుడే తాజా అవుతుంది, ఫిల్టర్లు పనిచేస్తాయి, కోటా (ఒక్కొక్కరికి ఇచ్చిన చోటు) లెక్కలు సరిగ్గా ఉంటాయి. సొంత సిస్టమ్ యూజర్లయితే ‘మెయిల్‌బాక్స్_ట్రాన్స్‌పోర్ట్’, డేటాబేస్‌లో ఉండే వర్చువల్ యూజర్లయితే ‘వర్చువల్_ట్రాన్స్‌పోర్ట్’ మార్చాలి.

దీనిలో రెండు చోట్ల కాలు జారుతుంది. మొదటిది సాకెట్ చోటు. పోస్ట్‌ఫిక్స్ డెలివరీ ప్రోగ్రాములు చాలా ఇన్‌స్టలేషన్లలో క్యూ ఉండే తమ స్పూల్ డైరెక్టరీ దాటి బయటికి చూడలేవు. అందుకే సాకెట్‌ను /వార్/స్పూల్/పోస్ట్‌ఫిక్స్/ప్రైవేట్ లోపల తెరిచి, దానికి ఓనర్‌గా పోస్ట్‌ఫిక్స్ యూజర్‌ను పెట్టాలి. రెండోది యూజర్ పేరు. ఎల్ఎంటీపీలో అడ్రసు మొత్తం, అంటే డొమైన్‌తో సహా వెళుతుంది. సిస్టమ్‌లో ఉన్నది మాత్రం ఉత్త పేరే. డవ్‌కాట్ ‘550 యూజర్ డజంట్ ఎగ్జిస్ట్’ అంటుంది, మెయిల్ బౌన్స్ అవుతుంది. డవ్‌కాట్‌లో ‘ఆథ్_యూజర్‌నేమ్_ఫార్మాట్’ను డొమైన్ తీసేసేలా మారిస్తే సరిపోతుంది. యూజర్ దొరుకుతున్నాడో లేదో మెయిల్ పంపకుండానే ‘డవ్‌ఆడ్మ్ యూజర్’ కమాండ్‌తో చూసుకోవచ్చు. అది ఆ యూజర్ హోమ్ డైరెక్టరీ, యూఐడీ (సిస్టమ్‌లో యూజర్ సంఖ్య), మెయిల్ చోటు అన్నీ చూపిస్తుంది.

మెయిల్‌డిర్ లోపల

ఎంబాక్స్‌లో ఒక ఫోల్డర్ అంటే ఒక ఫైలు. మెయిళ్లన్నీ అందులో వరసగా ఉంటాయి, ‘ఫ్రమ్’ అనే మాట, దాని తర్వాత ఖాళీతో మొదలయ్యే లైను కొత్త మెయిల్‌కు గుర్తు. మధ్యలో ఒక మెయిల్ తీసేస్తే దాని వెనకున్నదంతా జరిపి మళ్లీ రాయాలి, ఆ సేపూ ఇంకెవరూ ముట్టుకోకుండా తాళం వేయాలి. ఆ తాళం పద్ధతి పోస్ట్‌ఫిక్స్‌కూ డవ్‌కాట్‌కూ ఒకటి కాకపోతే ఫైలు చెడిపోతుంది. కొత్తగా పెట్టే సర్వర్‌కు ఎంబాక్స్ వద్దు.

మెయిల్‌డిర్‌ను డేనియల్ బెర్న్‌స్టీన్ తన క్యూమెయిల్ సర్వర్ కోసం 1990లలో తయారుచేశారు. దానిలో ప్రతి ఫోల్డర్‌కూ మూడు డైరెక్టరీలుంటాయి: టీఎంపీ, న్యూ, కర్. వస్తున్న మెయిల్‌ను ముందు టీఎంపీలో రాస్తారు, పూర్తిగా రాశాకే న్యూలోకి తరలిస్తారు. ఒకే ఫైల్‌సిస్టమ్‌లో ఇలా చోటు మార్చడం ఒక్క దెబ్బతో అయిపోతుంది. సగం రాసిన మెయిల్ ఎవరి కంటా పడే అవకాశం లేదు, తాళం అవసరమూ లేదు. క్లయింట్ ఆ మెయిల్‌ను గమనించాక ఫైలు కర్‌లోకి వెళుతుంది, పేరు చివర కోలన్, 2, కామా చేరి, ఆ తర్వాత కొన్ని అక్షరాలు వస్తాయి. ఎస్ అంటే చదివారు, ఆర్ అంటే జవాబిచ్చారు, ఎఫ్ అంటే స్టార్ పెట్టారు, టీ అంటే తీసేయమని గుర్తు పెట్టారు.

వెతుకులాటలో ఇది ఎంతో పనికొస్తుంది. ఫైలు ఇంకా న్యూలోనే ఉంటే, డెలివరీ అయ్యాక ఆ ఫోల్డర్‌ను డవ్‌కాట్ తెరవనే లేదు. అంటే యూజర్ చూస్తున్నది వేరే డైరెక్టరీ, లేదా అసలు లాగినే అవ్వలేదు. ఫైలు కర్‌లో ఉండి చివర ఎస్ ఉంటే ఏదో ఒక క్లయింట్ దాన్ని తెరిచింది, ఆ మనిషి ఫోనులోనో ఇంట్లో ల్యాప్‌టాప్‌లోనో చూసి ఉండొచ్చు. టీఎంపీలో పాత ఫైళ్లు పేరుకుని ఉంటే రాస్తుండగా ఏదో ఆగిపోయింది, డిస్క్ నిండిందేమో చూడాలి.

ఫైలు ఎక్కడా లేకపోతే డవ్‌కాట్ లాగ్‌లో లాగౌట్ లైన్లు చూడండి. పాప్3 కనెక్షన్ ముగిసినప్పుడు ఎన్ని మెయిళ్లు దించారు, ఎన్ని తీసేశారు అన్నది ‘రెటర్’, ‘డెల్’ అంకెలుగా రాస్తుంది. ‘డెల్=3/3’ అని ఉంటే పెట్టెలో ఉన్న మూడూ దించుకుని సర్వర్ నుంచి తుడిచేశారు. మూలన పడి ఉన్న పాత కంప్యూటర్‌లో ఔట్‌లుక్‌ను పాప్3తో పెట్టి, సర్వర్‌లో కాపీ ఉంచాలన్న టిక్కు తీసేసి ఉంటే అది నిమిషనిమిషానికీ ఇదే పని చేస్తుంటుంది. సర్వర్‌లో ఏ సెట్టింగ్ మార్చినా ఈ సమస్య పోదు. ఆ లైనులో కనిపించే ఐపీ అడ్రసును బట్టి ఆ కంప్యూటర్ ఏదో పట్టుకోవాలి.

ఇంకో సంగతి, మెయిల్ వేరే ఫోల్డర్‌లోకి వెళ్లి ఉండొచ్చు. సీవ్ ఫిల్టర్ (మెయిళ్లను ఫోల్డర్లలోకి సర్దే నియమాలు) ఉంటే ‘స్టోర్డ్ మెయిల్ ఇన్‌టు మెయిల్‌బాక్స్’ అంటూ ఫోల్డర్ పేరుతో సహా లాగ్‌లో రాస్తుంది. మెయిల్‌ను కనిపెట్టడానికి ‘డవ్‌ఆడ్మ్ ఫెచ్’కు మెసేజ్ ఐడీ ఇస్తే అది ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పేస్తుంది. ఆ ఫోల్డర్‌కు క్లయింట్‌లో సబ్‌స్క్రైబ్ చేయకపోతే అది కనిపించదు, ఉన్నా లేనట్టే.

తెలుగులో ఫోల్డర్ పేర్లు పెట్టుకునేవాళ్లకు ఒక మాట. ఐమ్యాప్ ఫోల్డర్ పేర్లను పాత ఏడు బిట్ల పద్ధతిలో పంపుతుంది, డవ్‌కాట్ మామూలుగా డిస్క్ మీద కూడా అదే రూపంలో రాస్తుంది. మీరు ‘బిల్లులు’ అని పెట్టిన ఫోల్డర్ సర్వర్‌లో చుక్కతో మొదలై, తర్వాత ఆంపర్‌సాండ్ గుర్తు, ఆ పక్కన ఇంగ్లిష్ డీ అక్షరం, చదవడానికి వీల్లేని అక్షరాల వరుస, చివర హైఫన్‌గా కనిపిస్తుంది. తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో ఇచ్చిన చోటు వల్ల ప్రతి తెలుగు పేరూ ఆ డీతోనే మొదలవుతుంది. అది చెడిపోయిన ఫోల్డర్ అనుకుని తీసేసే ప్రమాదం ఉంది. షెల్‌లో ఆంపర్‌సాండ్‌కు వేరే అర్థం ఉంది కాబట్టి కాపీ చేసేటప్పుడు పేరును సింగిల్ కోట్లలో పెట్టాలి, లేకపోతే కమాండ్ మధ్యలో తెగుతుంది.

ఖాళీ ఉన్నా ‘చోటు లేదు’

‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ అని లాగ్ అంటుంది, ‘డీఎఫ్ మైనస్ హెచ్’ కొడితే సగం డిస్క్ ఖాళీగా ఉంటుంది. మెయిల్‌డిర్ వాడే సర్వర్లలో దీనికి కారణం ఐనోడ్లు, అంటే డిస్క్ మీద ఒక్కో ఫైలు వివరాలు రాసుకునే గడులు. ప్రతి ఫైలుకూ ఒక ఐనోడ్ కావాలి, అవి ఎన్ని ఉండాలన్నది లినక్స్‌లో వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌లో ఫార్మాట్ చేసేటప్పుడే నిర్ణయమైపోతుంది. మామూలుగా 16 కేబీకి ఒకటి చొప్పున ఇస్తుంది, అంటే 100 జీబీ డిస్క్‌కు దాదాపు 65 లక్షలు. రెండు మూడు కేబీల అలర్ట్ మెయిళ్లు రాత్రింబగళ్లు వచ్చి పడే సర్వర్‌లో స్థలం కంటే ముందు ఐనోడ్లు అయిపోతాయి. ‘డీఎఫ్ మైనస్ ఐ’ కొడితే తెలుస్తుంది. అప్పటికప్పుడు చేయగలిగింది ట్రాష్, జంక్ ఫోల్డర్లు ఖాళీ చేయడం. ఆ ఫోల్డర్లకు ‘ఆటోఎక్స్‌పంజ్’ పెడితే, ఇచ్చిన గడువు దాటిన మెయిళ్లను డవ్‌కాటే తీసేస్తుంది.

స్థలమే నిజంగా తగ్గితే పోస్ట్‌ఫిక్స్ ముందే చేతులెత్తేస్తుంది. క్యూ ఉన్న డిస్క్‌లో, అనుమతించిన మెసేజ్ సైజుకు ఒకటిన్నర రెట్లు ఖాళీ లేకపోతే ‘452 ఇన్‌సఫిషియెంట్ సిస్టమ్ స్టోరేజ్’ అని కొత్త మెయిల్‌ను వద్దంటుంది. 4తో మొదలయ్యేది తాత్కాలిక తిరస్కారం కాబట్టి పంపిన సర్వర్ మళ్లీ ప్రయత్నిస్తుంది, మెయిల్ పోదు.

సైజు పరిమితుల దగ్గర ఒక లెక్క తెలియాలి. పోస్ట్‌ఫిక్స్ మామూలు పరిమితి 1,02,40,000 బైట్లు, అంటే 10 ఎంబీకి కాస్త అటూఇటూ. అటాచ్‌మెంట్ మెయిల్‌లో వెళ్లేటప్పుడు బేస్64 రూపంలోకి మారుతుంది, ప్రతి 3 బైట్లూ 4 అవుతాయి, లైన్ బ్రేకులతో కలిపి దాదాపు 37 శాతం పెరుగుతుంది. అందుకే 8 ఎంబీ పీడీఎఫ్ పంపినా ‘పరిమితి దాటింది’ అని తిరిగొస్తుంది. సరే, పరిమితి పెంచుదామని ‘మెసేజ్_సైజ్_లిమిట్’ను 60 ఎంబీ చేస్తే ఇంకో గొడవ. ‘మెయిల్‌బాక్స్_సైజ్_లిమిట్’ మామూలుగా 5,12,00,000 బైట్లు. ఒక్క మెసేజ్ పరిమితి మొత్తం పెట్టె పరిమితిని మించడాన్ని పోస్ట్‌ఫిక్స్ ఒప్పుకోదు. లోకల్ డెలివరీ ప్రోగ్రామ్ లాగ్‌లో ఫేటల్ ఎర్రర్ రాసి ఆగిపోతుంది, పెద్దదీ చిన్నదీ అని లేకుండా మెయిళ్లన్నీ క్యూలో పేరుకుంటాయి. రెండూ కలిపి పెంచాలి, లేదా పెట్టె పరిమితిని 0 చేసి కోటా పనిని డవ్‌కాట్‌కు వదిలేయాలి. వర్చువల్ యూజర్లకు ‘వర్చువల్_మెయిల్‌బాక్స్_లిమిట్’ అని వేరే ఉంది, దానికీ ఇదే నియమం.

ఏది తీసేయొచ్చు, ఏది ముట్టుకోకూడదు

డవ్‌కాట్ ఇండెక్స్ చెడిందని లాగ్‌లో కనిపించగానే ‘డవ్‌కాట్’ పేరుతో ఉన్న ఫైళ్లన్నీ తీసేయమని సలహాలిస్తుంటారు. ఆ సలహా ప్రమాదకరం. మెయిల్‌డిర్‌లో ‘డవ్‌కాట్.ఇండెక్స్’తో మొదలయ్యేవి పుస్తకం వెనక ఉండే విషయసూచిక లాంటివి. పోయినా మెయిళ్లు చదివి మళ్లీ తయారుచేసుకుంటుంది, కాకపోతే కాసేపు నెమ్మదిస్తుంది. వాటి పక్కనే ఉండే ‘డవ్‌కాట్-యూఐడీలిస్ట్’ అలాంటిది కాదు. ప్రతి మెయిల్‌కూ ఇచ్చిన శాశ్వత సంఖ్య అందులోనే ఉంటుంది. అది పోతే సంఖ్యలన్నీ కొత్తగా మొదలవుతాయి, దాంతో క్లయింట్లు తమ దగ్గరున్న కాపీని పారేసి మెయిలంతా మళ్లీ డౌన్‌లోడ్ చేస్తాయి. పాప్3తో సర్వర్‌లో కాపీ ఉంచుకునేవాళ్లకు ఏళ్లనాటి మెయిళ్లు రెండోసారి వచ్చి పడతాయి.

మెయిళ్లు దాచడానికి డవ్‌కాట్ సొంత పద్ధతి అయిన ఎండీబాక్స్ వాడుతుంటే ఇండెక్స్ ఫైళ్లనే అస్సలు ముట్టుకోకూడదు. అందులో అనేక మెయిళ్లు ఒకే ఫైలులో ఉంటాయి. ఏ మెయిల్ ఏ ఫోల్డర్‌కు చెందుతుంది, చదివారా లేదా అన్నది ఇండెక్స్‌లోనే ఉంటుంది. బాగుచేయడానికి ‘డవ్‌ఆడ్మ్ ఫోర్స్-రీసింక్’ ఉంది, రిపేరు దానితోనే చేయాలి. ఎండీబాక్స్‌లో మెయిళ్లు తీసేసినా డిస్క్ ఖాళీ అవ్వట్లేదని గాభరా పడక్కర్లేదు. ‘డవ్‌ఆడ్మ్ పర్జ్’ నడిపేదాకా స్థలం తిరిగి రాదు. దాన్ని రాత్రిపూట నడిచేలా క్రాన్‌లో (చెప్పిన వేళకు కమాండ్లు నడిపే ఏర్పాటు) పెట్టుకోవాలి. ఐనోడ్లు ఆదా చేస్తుందని ఎండీబాక్స్‌ను మెచ్చుకుంటారు, నిజమే. అయినా యాభై మంది లోపు ఉండే ఆఫీసుకు నేను మెయిల్‌డిరే సూచిస్తాను. ఏదైనా తేడా వస్తే మామూలు ఫైళ్లలాగే తెరిచి చూసుకోవచ్చు.

అనుమతుల గొడవ ఎక్కువగా బ్యాకప్ నుంచి మెయిళ్లు తెచ్చిన రోజున వస్తుంది. రూట్‌గా లాగిన్ అయి మామూలుగా కాపీ చేస్తే ఫైళ్లన్నీ రూట్ సొంతమైపోతాయి. డవ్‌కాట్ ‘పర్మిషన్ డినైడ్’ అని ఊరుకోదు. ఏ యూజర్‌గా ప్రయత్నించింది, ఏ డైరెక్టరీకి ఏ అనుమతి లేదు అన్నది కూడా అదే లైనులో రాస్తుంది. అది చదివి ఓనర్‌ను సరిచేయాలి. అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చే 777 వేస్తే మెయిల్ వస్తుంది, దాంతోపాటు ఆ సర్వర్‌లో ఖాతా ఉన్న ప్రతివాళ్లూ అందరి మెయిలూ చదవొచ్చు.

బయటికి వెళ్లని మెయిల్ గురించి క్లుప్తంగా: అది స్టోరేజ్ సమస్య కాదు. లాగ్‌లో ‘కనెక్షన్ టైమ్డ్ ఔట్’ ఉంటే, సర్వర్ల మధ్య మెయిల్ వెళ్లే పోర్టు 25 మూసి ఉందేమో చూడండి, చాలా క్లౌడ్ కంపెనీలు దాన్ని మొదట్నుంచే ఆపి ఉంచుతాయి. అవతలి సర్వర్ వద్దంటుంటే, మెయిల్ నిజంగా మీ నుంచే వచ్చిందని నమ్మించే రివర్స్ డీఎన్ఎస్, ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు సరిచూసుకోవాలి. ఒకే డొమైన్‌కు రెండు ఎస్‌పీఎఫ్ రికార్డులుంటే రెండూ చెల్లవు.

బాగుచేస్తుండగా వచ్చే మెయిళ్ల సంగతి

మీరు సెట్టింగులు కెలుకుతున్న గంటలో వచ్చే మెయిళ్లు బౌన్స్ కాకుండా చూసుకోవడం, అసలు రిపేరు కంటే ముఖ్యం. ‘సాఫ్ట్_బౌన్స్’ను ‘యెస్’ (అవును) అని పెడితే పోస్ట్‌ఫిక్స్ 5తో మొదలయ్యే శాశ్వత తిరస్కారాలన్నిటినీ 4తో మొదలయ్యే తాత్కాలికాలుగా మారుస్తుంది. యూజర్ దొరకలేదన్నా, సాకెట్ తెరుచుకోకపోయినా మెయిల్ క్యూలో ఆగుతుంది, తిరిగి వెళ్లిపోదు. పోస్ట్‌ఫిక్స్‌నే కాసేపు ఆపేసినా భయం లేదు. సరిగ్గా నడిచే సర్వర్లు మెయిల్‌ను రోజుల తరబడి మళ్లీమళ్లీ ప్రయత్నిస్తాయి, పోస్ట్‌ఫిక్స్ అయితే 5 రోజులు చూస్తుంది.

క్యూ నిండుగా కనిపించినప్పుడు ‘పోస్ట్‌సూపర్’తో మొత్తం తుడిచేయమనే సలహా వినొద్దు. ‘పోస్ట్‌క్యాట్’తో ఒకటి రెండు మెయిళ్లు తెరిచి చూడండి. స్పామ్ అయితే వాటి ఐడీలతోనే తీసేయండి, మిగతావి జనం ఎదురుచూస్తున్న మెయిళ్లు.

రిపేరు అయ్యాక బయటి ఖాతా నుంచి ఒక మెయిల్ పంపండి. లాగ్‌లో బ్రాకెట్ల మాట చదవండి, డిస్క్ మీద ఫైలు ఏ డైరెక్టరీలో పడిందో చూడండి, ‘డవ్‌ఆడ్మ్’తో అదే మెయిల్ కనిపిస్తోందో లేదో చూడండి. మూడూ ఒకే చోటు చెబితే క్యూను ‘పోస్ట్‌క్యూ మైనస్ ఎఫ్’తో కదిలించండి. పోస్ట్‌ఫిక్స్ ఒక్కో మెయిల్‌ను మళ్లీ ప్రయత్నించే వ్యవధి 300 సెకన్ల నుంచి 4,000 సెకన్ల దాకా పెరుగుతూ పోతుంది కాబట్టి, ఈ కమాండ్ ఇవ్వకపోతే ఆగిన మెయిళ్లకు ఇంకో గంటకు పైనే పట్టొచ్చు. క్యూ ఖాళీ అయ్యాక ‘సాఫ్ట్_బౌన్స్’ తీసేయండి. అది అలాగే ఉండిపోతే, అడ్రసు తప్పు రాసి పంపినవాళ్లకు ఆ సంగతి తెలియడానికి రోజులు పడుతుంది.